ఎవరూ తీసుకెళ్ళని ఫలకం

ఆగస్టు నెల, శుక్రవారం ఉదయం. సౌదీ అరేబియాలోని అల్ ఖోబర్‌లో, విదేశీ ఉద్యోగుల ఇళ్ళున్న ఒక కాంపౌండ్‌లో అచ్యుతరామయ్య తయారుచేసిన ప్రయాణ ప్రణాళికలో పదకొండు అంశాలు ఉన్నాయి. తొమ్మిదవది "సరిగ్గా ఏడు గంటలకు బయలుదేరుట". పదవది "దారిలో అనవసర సంభాషణ తగ్గించుట". అది ఎవరిని ఉద్దేశించినదో కాగితం మీద లేదు. ప్రయాణం చేసేది ఇద్దరే కనుక రాయవలసిన అవసరమూ లేదు.

ఆయన భార్య అలివేలుమంగ ఆ కాగితాన్ని ఆమూలాగ్రం చదివి, నాలుగు మడతలు పెట్టి, పులిహోర డబ్బా అడుగున వేసింది. ఆ ఉదయం ఆమెను కోపగించుకునేలా చేయడం కష్టం. కొండల మీద, మబ్బుల్లో ఉండే అభా నగరాన్ని చూడాలని ఆమె మొదటిసారి అడిగి ఇరవై ఆరేళ్ళయింది. అడిగిన ప్రతిసారీ ప్లాంటులో ఏదో ఒకటి ఆగిపోయేది, పేలేది, లేదా కారేది. ప్రతి వాయిదా "రెండు రోజులే కదా" అన్న మాటతోనే మొదలయ్యేది. ఇప్పుడు భర్త పదవీ విరమణ చేశాడు. దేశం శాశ్వతంగా విడిచి వెళ్ళడానికి ఫైనల్ ఎగ్జిట్ వీసా వచ్చేసింది. వచ్చే వారం శనివారం విమానం. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు, అక్కడ ఉండడానికి మూడు, సామాను సర్దుకోవడానికి ఒకటి. ఈసారి "రెండు రోజులే కదా" అంటే ఇక అభా లేదు.

వారి వాహనం ఒక మోటర్‌హోమ్. నాలుగేళ్ళ క్రితం దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు వదిలించుకున్నది. అందులో మంచం, పొయ్యి, స్నానాల గది ఉన్నాయి. అన్నిటికంటె విశేషమైనది దాని పక్కగోడ. మీట నొక్కితే ఆ గోడ, దానితోపాటు భోజనాల బల్ల, కిటికీ, కింది నేల, అన్నీ కలిసి సొరుగులాగా మూడడుగులు బయటికి జరిగి చిన్న గదిగా మారతాయి. అచ్యుతరామయ్య దాన్ని స్లైడ్‌అవుట్ అనేవాడు. అలివేలుమంగ సొరుగు అనేది. బండి కదలాలంటే మాత్రం, పేరు ఏదైనా, అది లోపలికి వెళ్ళి తీరాలి.

ఏడుకు పది నిమిషాల ముందు ఆయన మీట నొక్కాడు. మోటారు మూలిగింది. సొరుగు ఒక అడుగు లోపలికి వచ్చి, పటుక్కుమని శబ్దం చేసి, ఒక మూల కిందికి వాలి, అలాగే నిలిచిపోయింది. ముందుకూ రాలేదు, వెనక్కూ పోలేదు.

"బరువు," అన్నాడు అచ్యుతరామయ్య. "నీ కరివేపాకు కుండీ ఒక్కటే పద్దెనిమిది కిలోలు."

"నేల కుళ్ళిందండీ. పోయిన నెలలోనే చెప్పాను. అల్లిక సూది గుచ్చి చూస్తే ఇడ్లీలో దిగినట్టు దిగిపోయింది."

"ఎడారిలో చెక్క కుళ్ళడమేమిటి, అలివేలూ?"

"ఎడారేమిటండీ? ఆరేసిన తువ్వాలు మూడు రోజులైనా ఆరని ఊరు ఇది. గాజుగ్లాసు బయటికి తెస్తే చెమట పడుతుంది. బండితో వచ్చిన పుస్తకంలో నూట ముప్పై ఒకటో పేజీలో ఉంది, ఆరు నెలలకోసారి నేల అంచుల్ని మొనదేలిన దానితో గుచ్చి చూడమని."

"ఆ పుస్తకం రాసింది అమెరికా వాళ్ళ కోసం. పైగా కిందంతా నేను టేపు చుట్టాను కదా!"

ఆ టేపు సంగతి చెప్పవలసి ఉంది. ముప్పై ఏళ్ళపాటు చమురు పైపులకు తుప్పు పట్టకుండా చూడడం అచ్యుతరామయ్య వృత్తి. కిందటి శీతాకాలంలో రెండు వానలు పడగానే, పైపులకు చుట్టే దళసరి నల్ల టేపు తెచ్చి, సొరుగు నేల అడుగుభాగాన్నీ అంచుల్నీ ఎక్కడా సందు లేకుండా చుట్టేశాడు. పైపులతో బతికిన మనిషికి చెక్క కూడా పైపుగానే కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ అభిప్రాయాన్ని ఒకరు ప్రశ్నించారు కూడా. ప్రశ్నించినది భార్య కావడం చేత అది ప్రశ్నగా నమోదు కాలేదు.

బరువు తగ్గించాలన్నది నిర్ణయమైంది. ఎదురింటి ధీరజ్‌ను పిలిచి, పరుపులు, కుర్చీలు, కుక్కరు, బియ్యం డబ్బా, పుస్తకాల పెట్టెలు, కరివేపాకు కుండీ, అన్నీ దించి రోడ్డు పక్కన వరసగా పెట్టారు. చివరగా సొరుగు గోడకు తగిలించిన ఫలకాన్ని అచ్యుతరామయ్య స్వహస్తాలతో దించాడు. పదవీ విరమణ రోజున సహోద్యోగులు బహూకరించిన టేకు పలక అది. రెండడుగుల పైచిలుకు పొడవు. "తుప్పు నివారణలో ముప్పై సంవత్సరాల అవిచ్ఛిన్న సేవకు" అని, పైన ఆయన పేరుతో, లోతుగా చెక్కించారు. ఇండియాకు పంపిన సామానులో పట్టలేదని దాన్ని ప్రయాణంలో వెంట తీసుకెళ్తున్నాడు.

అలివేలుమంగ పాడైపోయే తిండి పదార్థాలను ఇంటి ఫ్రిజ్‌లో పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అచ్యుతరామయ్య టార్చి పట్టుకుని మోటారును పరీక్షించడానికి బండి కిందికి దూరాడు. బయట ఆయన కాళ్ళు మాత్రమే మిగిలాయి.

గల్ఫ్‌లో ఒక ఆచారం ఉంది. ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోయేవారు తమకు పనికిరాని సామాను ఇంటి ముందు పెడతారు. కావలసినవారు తీసుకెళ్తారు. ఎవరూ దీన్ని దొంగతనమనరు, దానమూ అనరు. అచ్యుతరామయ్య దంపతులు వెళ్ళిపోతున్నారన్న సంగతి కాంపౌండ్‌లో తెలియనివారు లేరు. ధీరజ్ ఇంటికి వెళ్ళి కిటికీలోంచి చూశాడు. తన చేతులతో దించిన సామానే అయినా, రోడ్డు పక్కన వరసగా చూసేసరికి అతనికి వేరే అర్థం తోచింది. సాయం చేద్దామన్న సదుద్దేశంతో ఫోటో తీసి కాంపౌండ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "అచ్యుత్ అంకుల్ వాళ్ళ ఎగ్జిట్ సామాను. ముందు వచ్చినవాళ్ళకు ముందు." పది నిమిషాల్లో ఆ సందేశం కాంపౌండ్ గోడ దాటి పక్క ఊరు దమ్మామ్ చేరుకుంది.

మొదట వచ్చింది పక్క వీధి ఫర్జానా. హైదరాబాద్ ఆమె. వంగి, బండి కింది కాళ్ళతో మాట్లాడింది.

"అంకుల్, గీ కరివేపాకు చెట్టు తీస్కపోవచ్చా?"

జనం సాయానికి వచ్చారని, సామాను నీడకు చేర్చడానికి అడుగుతున్నారని అచ్యుతరామయ్య గ్రహించాడు. ఆయన గ్రహింపులో ఎప్పుడూ ఆలస్యం ఉండదు.

"తప్పకుండా తీసుకెళ్ళమ్మా. ఎండ తగలని చోట పెట్టు."

"మంచిగ చూస్కుంటా అంకుల్. మిమ్మల్ని మస్తు యాద్ జేస్కుంటం."

నీడకు మార్చినందుకు యాది చేసుకోవడం ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అయితే మోటారు మీద దృష్టి ఉండడం వల్ల విచారించలేదు. తరువాత ఒకరు పరుపుల గురించి అడిగారు. "ఇద్దరు పట్టండి, బరువు!" అన్నాడు. ఇంకొకరు కుక్కరు గురించి అడిగారు. "మూత మరిచిపోకండి!" అని హెచ్చరించాడు. అరగంటలో ఆయన ఎనిమిది మందికి అనుమతి ఇచ్చాడు, ఇద్దరికి సలహా ఇచ్చాడు, అందరి చేతా ధన్యవాదాలు అందుకున్నాడు.

అలివేలుమంగ తిరిగి వచ్చేసరికి రోడ్డు పక్కన ఒక్క వస్తువు మాత్రం మిగిలి ఉంది. అది ఫలకం. దాన్ని ఎవరూ తీసుకెళ్ళలేదు.

బండి లోపలినుంచి కిరకిరమని చప్పుడు వినిపించింది. ఆమె మెట్లెక్కి చూసింది. నలభై ఏళ్ళ అపరిచితుడొకడు సొరుగులో మోకాళ్ళ మీద కూర్చుని భోజనాల బల్ల మరలు విప్పుతున్నాడు.

"ఎవరు నాయనా నువ్వు?"

"మహబూబ్ సుభానీ అమ్మా. మాది రాయచోటి. దమ్మామ్‌లో పడవలు రిపేరు చేస్తా. టేబులు కోసరం వచ్చినా."

"ఏ టేబులు?"

"ఇదే గదమ్మా. గ్రూపులో పెట్టినారు గదా, ముందొచ్చినోళ్ళకి ముందు అని. మిగతాదంతా ఎత్తకపోయినారు. సరే, ఇదన్నా మిగిలుండాది అని..."

అలివేలుమంగ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి సుభానీ లేచి నిలబడబోతున్నాడు. నిలబడలేకపోయాడు. అతని కుడికాలు పచ్చి పుట్టగొడుగును తొక్కినట్టు మెత్తని శబ్దంతో నేలలోకి చీలమండ దాకా దిగిపోయింది.

కింద అచ్యుతరామయ్య ముక్కుకు నాలుగంగుళాల దూరంలో, నల్ల టేపు మీద, ఒక పాదం ఆకారం ఉబ్బింది. ఆయన చాలా వేగంగా బయటికి వచ్చాడు.

"ఎవడయ్యా నువ్వు? నా నేల విరగ్గొట్టావు!"

"నేను విరగ్గొట్టేదేంది సార్? ఇది పోయి శానా రోజులైంది." సుభానీ కాలు పైకి లాక్కుని, చేతికి వచ్చిన చెక్కను వేళ్ళతో నలిపాడు. అది తడిసిన అటుకుల్లా రాలింది. "పైన ఏసీ ఉండాది గదా, దాని నీళ్ళు గోడెమ్మడి దిగి ఈ అంచులోకి పోతాండాయి. కింద ఈ టేపు యెవురు చుట్టినారు సార్?"

 అలివేలుమంగ ఆకాశం వైపు చూసింది.

సుభానీ బండి కిందికి వెళ్ళి కత్తితో టేపు అంచు కోశాడు. రమారమి అర బక్కెట్టు నీళ్ళు, ఎనిమిది నెలలుగా అచ్యుతరామయ్య సంరక్షణలో ఉన్నవి, ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డాయి.

"సార్ పని గట్టిగానే చేసినాడమ్మా," అన్నాడు సుభానీ, మొహం తుడుచుకుంటూ. "బయటి నీళ్ళు ఒక్క చుక్క లోపలికి రానియ్యలేదు. లోపలి నీళ్ళు ఒక్క చుక్క బయటికి పోనియ్యలేదు."

అచ్యుతరామయ్య అక్కడే ఉందనుకున్న కుర్చీలో కూర్చోబోయాడు. కుర్చీ వేరొకరి ఇంటికి వెళ్ళిపోయింది.

సుభానీ కుళ్ళిన మేరను కొలిచాడు. బయటి మూల, రెండడుగుల మూడంగుళాలు పొడవు, అడుగు వెడల్పు. మిగతా నేల గట్టిగానే ఉంది. కుళ్ళినంతా కోసేసి, ఎండబెట్టి, అంచులకు ఎపాక్సీ జిగురు తాగించి, కొత్త పలక అతికిస్తే పది కాలాలు ఉంటుందన్నాడు. పనిముట్లూ ఎపాక్సీ అతని పికప్‌లోనే ఉన్నాయి. లేనిది పలక.

"పడవలకేసే చెక్క మా యార్డులో ఉండాది. తాళాలు మా ఓనరు ఖఫీల్ దగ్గర, ఖఫీల్ జెద్దాలో. ఆదివారం వస్తాడు. బజార్లో దొరికే ప్లైవుడ్ ఏస్తే నెల తిరిగేలోపల అప్పడం మాదిరి లేస్తాది."

"ఆదివారం," అన్నాడు అచ్యుతరామయ్య. అలవాటు ముప్పై ఏళ్ళది. నోరు దానంతటదే ముందుకు సాగింది. "పోనీలే అలివేలూ, రెండు రోజులే..."

మాట పూర్తి కాలేదు. అలివేలుమంగ మెట్లు దిగి రోడ్డు పక్కకు నడిచి, అక్కడ ఒంటరిగా నిలబడి ఉన్న ఫలకాన్ని రెండు చేతులతో ఎత్తి తెచ్చి, సుభానీ ముందు పెట్టింది.

"ఇది చూడు నాయనా."

సుభానీ వేలితో తట్టాడు. అంచు వాసన చూశాడు. మందం కొలిచాడు. "టేకు! ముప్పావంగుళం. సరీగ్గా అంతే. నాలుగు పక్కలా రెసిన్ గూడా పట్టించినారే! ఇట్లాంటిది యాడ దొరికిందమ్మా?"

"సారుకు ఇచ్చారు."

"దేనికి?"

"ఇలాంటివి జరగకుండా చూసినందుకు."

అచ్యుతరామయ్య ఫలకం వైపు చూశాడు. రోడ్డు మీద పరుచుకున్న నీటి వైపు చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆయన అనేక నివేదికల మీద సంతకం చేశాడు. వాటిలో తప్పు తనదని ఒప్పుకున్నది ఒక్కటీ లేదు. ఆ నమూనా ఆయనకు తెలియదు. అందుచేత ఆయన లోపలికి వెళ్ళి, రంపానికి కరెంటు తీగ తెచ్చి ఇచ్చాడు.

పని సాగింది. కుళ్ళిన చెక్కను కోసి పారేశారు. సుభానీ జుమా నమాజుకు వెళ్ళి వచ్చేలోపల నలభై ఆరు డిగ్రీల ఎండ మిగతా నేలను కరకరలాడేలా ఎండబెట్టింది.

"చూశావా? ఎడారిలో చెక్క ఎండుతుంది," అన్నాడు అచ్యుతరామయ్య, కొంత బలం పుంజుకుని.

"విప్పితే ఎండుతుందండీ."

ఫలకాన్ని ఒక అంగుళం కోయవలసి వచ్చింది. కోతలో కంపెనీ ముద్ర పోయింది, పేరు మిగిలింది. అమర్చే ముందు సుభానీ అడిగాడు. "అక్షరాలు పైకి పెడదామా, కిందికా?"

"పైకే," అన్నాడు అచ్యుతరామయ్య. "అందరికీ కనిపించాలి కదా."

"కిందికి పెట్టు," అన్నది అలివేలుమంగ. "పైన మనుషులు నడుస్తారు. ఆయన పేరు మీద నేను కాలు పెట్టను."

అచ్యుతరామయ్య ఆమెకేసి చూశాడు. తరువాత ఫలకాన్ని తనే తిప్పి, అక్షరాలు కిందికి వచ్చేలా పట్టుకున్నాడు. 

సుభానీ అంచు పొడవునా నీళ్ళు జారిపోయేలా అల్యూమినియం పట్టీ బిగించాడు. పాత రబ్బరు తీసి కొత్తది వేశాడు. ఏసీ నీళ్ళు దూరంగా పడేలా చిన్న గొట్టం అమర్చాడు. కింద మాత్రం ఏమీ చుట్టలేదు. "గాలాడాల సార్. దాని మానాన దాన్ని వదిలేయండి," అన్నాడు. అచ్యుతరామయ్య ఆ వాక్యాన్ని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

సాయంత్రానికి ధీరజ్ గ్రూపులో రెండో సందేశం పెట్టాడు. మొదటి దానికంటె చాలా పొడవైనది, అందులో క్షమాపణ మూడు చోట్ల ఉంది. సామాను వెనక్కి రావడం మొదలైంది. పరుపులు కొత్త దుప్పట్లతో వచ్చాయి. కుక్కరు మూతతో సహా వచ్చింది. అందులో వేడి అన్నం కూడా ఉంది. ఫర్జానా అందరికంటె ఆలస్యంగా, తల వంచుకుని, కుండీ మోసుకుని వచ్చింది. చెట్టుకు సగం ఆకులు లేవు.

"ఆంటీ, మాఫ్ చేయుండ్రి. పొద్దుగాల్నే పచ్చడి నూరిన."

"పచ్చడేదీ?"

ఫర్జానా కుండీ దించి, చున్నీ చాటునుంచి గిన్నె బయటికి తీసింది. అలివేలుమంగ వేలితో రుచి చూసి, మరొకసారి చూసి, కుండీని వెనక్కి ఆమె చేతిలోనే పెట్టింది. "ఉంచుకో. చింతపండు కొంచెం తగ్గించు." తరువాత సుభానీ వైపు తిరిగి, వచ్చే శుక్రవారం వచ్చి బల్ల తీసుకెళ్ళమంది. "ఈసారి నిజంగానే ఇస్తున్నాం."

శనివారం తెల్లవారి ఆమె తన చేత్తో మీట నొక్కింది. సొరుగు సాఫీగా లోపలికి జరిగి, చిన్న చప్పుడుతో మూసుకుంది.

అభాలో మూడు రోజులు రెండయ్యాయి. ఆ రెండు రోజులూ వాన పడింది. కొండ అంచున సొరుగు బయటికి జరిపి, కిటికీ ముందు కూర్చుని, మబ్బులు బల్ల ఎత్తున నడిచిపోతుంటే అలివేలుమంగ చూసింది. ఇరవై ఆరేళ్ళ ఆలస్యానికి ఆమె ఎవరినీ క్షమించలేదు. అయితే ఆ విషయాన్ని ప్రస్తుతానికి వాయిదా వేసింది. వాన వెలిసినప్పుడల్లా అచ్యుతరామయ్య ఆమె అల్లిక సూది అడిగి తీసుకుని బండి కిందికి దూరేవాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపించేవి.

"ఎలా ఉందండీ?" అని ఆమె కిటికీలోంచి అడిగేది.

"పొడిగా ఉంది," అని కింది నుంచి జవాబు వచ్చేది. ఆ తరువాత చాలా సేపు ఆయన బయటికి వచ్చేవాడు కాదు. అక్కడ వెల్లకిలా పడుకుంటే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి.

పదవీ విరమణ సందర్భంగా బహూకరించిన ఆ ఫలకం, ఆ విధంగా, ఉద్యోగంలో చేరింది.