ఇంటి పెద్దకు జ్ఞానదంతం పీకించండి!

దేశంలో శాంతి లేదు, ఇంట్లో శాంతి లేదు అని వాపోయే మహానుభావులారా, ఒక్క మాట వినండి. పోలీసులూ వద్దు, పంచాయతీలూ వద్దు. ప్రతి ఇంటి పెద్దకూ ఏడాదికొక జ్ఞానదంతం పీకించండి, చాలు!

ఉండేవే నాలుగు కదా, ఐదో ఏడు ఏం చేయాలి అంటారా? ఐదో ఏటికి ఆయనకే అలవాటైపోతుంది.

నవ్వకండి. నేను ఊరికే నోటికొచ్చింది రాసే మనిషిని కాను. యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఉండే సీమోను గారి దవడే నాకు సాక్ష్యం.

సీమోను నీళ్ల డిపార్ట్‌మెంటులో ఫిట్టర్. ఎంత పెద్ద పైపు పగిలినా నీళ్లు ఆపగలడు. మాటలు ఆపడం మాత్రం ఆయనకు ఎవరూ నేర్పలేదు. పైగా సంఘపెద్ద! శనివారం సాయంత్రం ఆయనింట్లోనే ప్రార్థన కూటం, ప్రార్థన చేసేదీ ఆయనే. ఆ ప్రార్థన అచ్చం ప్యాసింజర్ రైలు. సృష్టి దగ్గర బయల్దేరి, ఐగుప్తులో ఆగి, ఎర్రసముద్రం దాటి మన గల్లీకి చేరేసరికి పిల్లలు నిద్రపోతారు, పెద్దలకు మోకాళ్లు పట్టేస్తాయి.

ఎవరికి ఏ కష్టమున్నా ముందు సీమోనుకు చెప్పుకోవాలి. దేవుడికి ఆయన చెబుతాడు. భార్య రాజమణిదీ అదే వరస. కాకపోతే ఆవిడ కష్టాలు చిన్నవి కదా, ఆయన చెప్పడం మర్చిపోతుంటాడు.

రాజమణికి క్రిస్మస్ ముందు నుంచీ పన్ను నొప్పి. "లవంగం వెట్టుకో, తగ్గుతది. దవఖానకు పోతే మంచి పన్ను గూడ పీకుతరు" అన్నాడాయన. పెట్టుకుంది పాపం. ఇంట్లో లవంగాలు అయిపోయాయి గానీ నొప్పి అయిపోలేదు.

ఎండలు ముదిరేసరికి సీమోనుకూ అదే పన్ను, అదే నొప్పి! ఇది ఇంటి పెద్ద నొప్పి కదండీ, లవంగంతో పోతుందా? మర్నాడే సెలవు, ఎక్స్‌రే, మత్తు ఇంజక్షన్. పన్ను లోపల అడ్డంగా పడుకుందట. కోసి, తీసి, కుట్లేసి, దూది కరిపించి డాక్టరమ్మ చెప్పింది: "ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు, వేడీ కారం వద్దు. మెత్తగా, చల్లగా తినండి. మాటలు బాగా తగ్గించండి."

ఆ చివరి మాటను రాజమణి ఇంటికొచ్చాక కొంచెం సాగదీసింది. "మాట్లాడితే కుట్లు తెగుతయన్నది" అని చెప్పింది. అబద్ధమా? అయితే అయింది! ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడు వినిపించింది.

ఇక లాభాలు చూడండి. మూడో రోజుకు కుడి బుగ్గ బూరెలా ఉబ్బింది. పెరుగు ప్యాకెట్ కోసం కిరాణా కొట్టుకెళ్తే జగదీశ్వర్ సేటు గల్లీ అంతా వినేలా అడిగాడు: "ఏంది సీమోనన్నా, సంఘపెద్దవయ్యి నువ్వు గూడ పాన్ షురూ జేసినవా?"

కాదని చెప్పడానికి నోరేదీ? చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి 'ఎవరికీ చెప్పకు' అన్నట్టుందని సేటు గారికి తోచింది. అందుకే అందరికీ చెప్పాడు.

పరామర్శకు వచ్చినవాళ్లకైతే పండగే! ఒకరు పటిక అన్నారు, ఒకరు పసుపన్నారు. ఒకాయన వేడి వేడి మిర్చి బజ్జీలు తెచ్చి, "నువ్వు తినొద్దు గదా అన్నా" అని ఎదురుగానే కూర్చుని తినేశాడు. సీమోను అందరి మాటలూ చివరిదాకా విన్నాడు. ఇలాంటి భాగ్యం ఆ గల్లీకి ఇంతకుముందు ఎప్పుడైనా దక్కిందా?

అసలు మహిమ శనివారం జరిగింది. కూటానికి అంతా వచ్చి కూర్చున్నారు. సీమోను బుగ్గ చూపించి తల అడ్డంగా ఊపాడు. ఎవరూ కదలరు. చివరికి పక్కింటి వరమ్మ, అందరిలోకీ పెద్దావిడ, తేల్చేసింది: "ఇయ్యాల నువ్వు చెయ్యి రాజమణీ."

రాజమణి కొంగు తలమీదికి లాక్కుంది. అందరూ కళ్లు మూసుకున్నారు.

"తండ్రీ, అందరి ముంగట నీతోని నేనెప్పుడు మాట్లాడలే. తప్పుంటే మాఫ్ చెయ్యి. ఆయన పన్ను తీపిచ్చినవు, నీకు స్తోత్రం. గదే పన్ను నాకు గూడ నొస్తున్నది తండ్రీ, క్రిస్మస్ ముంగట నుంచి. రాత్రి నిద్ర లేదు. నేను ఆయనకు చెప్పిన. ఆయన నీకు చెప్పిండో లేదో నాకు తెల్వది."

సీమోను కళ్లు టక్కున తెరుచుకున్నాయి. సంఘపెద్ద పరువు నడింట్లో పోతోంది! ఆపుదామంటే కుట్లాయె. ఇక దిక్కులేక 'చాలు, చాలు' అని రెండు చేతులూ పైకెత్తాడు.

అక్కడే తప్పులో కాలేశాడు. ప్రార్థనలో మనిషి రెండు చేతులూ ఎత్తాడంటే మనసారా ఒప్పుకుంటున్నాడని కదా అర్థం! వరమ్మకు ప్రార్థనలో ఒక కన్ను తెరిచి ఉంచడం అలవాటు.

"స్తోత్రం! సూడుండ్రి, తమ్ముడు రెండు చేతులెత్తి సాక్ష్యమిస్తున్నడు!"

ఇల్లంతా హల్లెలూయా. దాంతో రాజమణికి ధైర్యమొచ్చింది. "సోమారం నన్ను డాక్టర్ తాన్కి తోల్కపోయే మనసు ఆయనకియ్యి తండ్రీ, ఆమెన్!"

సీమోను ఇంకా గట్టిగా చేతులు ఊపాడు. జనం ఇంకా గట్టిగా ఆమెన్ అన్నారు.

అందరి ముందూ చేతులెత్తినవాడు మాట తప్పగలడా? సోమవారం రాజమణి డాక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. లోపలంతా చీము పట్టి ఉంది. "ఇన్ని నెలలు ఎట్లా ఓర్చుకున్నావమ్మా?" అని డాక్టరమ్మ అడుగుతుంటే సీమోను గోడమీది పళ్ల బొమ్మను శ్రద్ధగా చదివాడు. పన్ను తీశారు, దూది కరిపించారు, అవే జాగ్రత్తలు చెప్పారు. ఇప్పటికైనా ఒప్పుకుంటారా, జ్ఞానదంతం మహిమ?

ఆ సాయంత్రానికి సీమోను బుగ్గ తగ్గింది. నాలుక పూర్తిగా కోలుకుంది. భార్యను పడుకోబెట్టి దుప్పటి కప్పాడు. "నువ్వు లెవ్వకు, మాట్లాడకు. గంజి నేను కాస్త. ఫికర్ చెయ్యకు." నిజంగా ప్రేమగానే అన్నాడు, అబద్ధమాడితే నా పళ్లు రాలిపోతాయి.

వంటింట్లోకి వెళ్లాడు. "రాజమణీ, బియ్యం యాడున్నయ్?"

ఆమె పడుకునే వేలు చూపించింది.

"గీ డబ్బనా, గా డబ్బనా? నూక పోయాల్నా, బియ్యమే పోయాల్నా? ఎన్ని నీళ్లు? ఉప్పు యాడవెట్టినవ్? గిన్నె గిదేనా? గ్యాస్ అంటుకుంటలేదేంది?"

ఒక్కో ప్రశ్నకూ జవాబు కావాలి. జవాబుకు నోరు కావాలి. రాజమణి దుప్పటి తీసి, లేచి, కొంగు దోపుకుని పొయ్యి వెలిగించింది.

పరామర్శకు వరమ్మ వచ్చింది. సీమోను ఆవిడకు కుర్చీ వేసి, తానూ ఒకటి వేసుకున్నాడు.

"కూసో వరమ్మక్కా. రాజమణికి మస్తు నొప్పి. డాక్టర్ లెవ్వొద్దన్నది. గందుకే ఇయ్యాల గంజి నేనే కాస్తున్న."

వంటింట్లో గంజి కలుపుతున్న రాజమణికి ఆ మాట వినపడింది. బదులు చెప్పాలనే ఉంది. నోట్లో దూది ఉంది.