మంచుగడ్డ ఎవరి వంతు?

ఊరు బాగుపడాలంటే బడి కావాలి, దవాఖాన కావాలి, రోడ్డు కావాలి అంటారు తెలిసినవాళ్లు. నేను ఒప్పుకోను. ఊరికి ముందుగా కావలసింది కాఫీ రుచి తెలిసిన రచయిత!

నవ్వకండి. దేశమంతా తిరిగి, ఎక్కడ ఏం తాగుతారో, ఎలా తాగుతారో పత్రికలకు రాసే బాబులుంటారు. ఒక్క గుక్క గొంతు దిగగానే, గింజ ఏ కొండ మీద పండిందో, పాలు ఏ పూట పితికారో చెప్పగల మహానుభావులు. అలాంటివాడు మీ ఊరికి ఎప్పుడైనా వచ్చాడా? రాలేదు కదా! అందుకే మీ ఊరు అలా ఉంది.

మా వైపు వచ్చాడు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం, కట్టంగూరు రోడ్డుకు రెండు కోసుల లోపలున్న ఊరికి వచ్చాడు. రైలు ఎరగని ఊరు. కాఫీ అంటే ఏ చెట్టు కాయో కూడా తెలియని ఊరు. ఎంత అదృష్టం!

అప్పటికి ఊళ్లో వసతులకు కొదవ లేదు. జనం దొరల మీద తిరగబడ్డ సంఘం రోజుల్లో రాత్రికి రాత్రే పట్నం పారిపోయిన దొర తిరిగి వచ్చి తన కోటలాంటి గడి తలుపులు తెరిచాడు. పోయినప్పుడు నల్ల షేర్వాణీ, వచ్చినప్పుడు తెల్ల టోపీ. టోపీ కింది తల మాత్రం పాతదే. ఆయన వెనకే మిలిటరీ వచ్చి బడిలో క్యాంపు పెట్టింది. పిల్లలకు చదువు బాధ తప్పింది!

బాబు మద్రాసు నుంచి దొరకు అతిథిగా వచ్చాడు. వెంట ఇత్తడి ఫిల్టర్, కాఫీపొడి డబ్బా, సీసాలున్న తోలుపెట్టె. పొద్దున కాఫీ, సాయంత్రం కాక్‌టెయిల్. కాక్‌టెయిల్ అంటే మరేం కాదు, నాలుగు రకాల తాగుడును ఒక్క గ్లాసులో పోసి, గిలకొట్టి, నిమ్మచెక్క పిండుకోవడం. విడివిడిగా తాగినవాణ్ని తాగుబోతు అంటారు. కలిపి తాగినవాణ్ని రచయిత అంటారు!

మొదటి రోజే బాబు మా తాటికల్లు రుచి చూసి కళ్లు మూసుకున్నాడట. దీన్ని బ్రాందీతో కలిపి, తేనె చుక్క వేసి, మంచుగడ్డ పడేస్తే బొంబాయి హోటళ్లు తలవంచాల్సిందే అన్నాడట. మా కల్లుకు అంత గౌరవం ఎన్నడైనా దక్కిందా? దొర పొంగిపోయి పట్నానికి కబురు పంపాడు. మంచుగడ్డ బస్సులో బయల్దేరింది.

బస్సు రోడ్డు దాకే వస్తుంది. అక్కణ్నుంచి గడి దాకా ఎవరు మోయాలి?

ఇక్కడే ఊరికి ఆ బాబు చేసిన మేలు మొదలవుతుంది.

గడి గుమాస్తా రఘుపతి నేరుగా అండాలు ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. పాతకాలంలో గడికి వెట్టి చేయడంలో ఇంటికో వంతు ఉండేది. నీళ్ల వంతు ఒకరిది, కల్లు వంతు ఒకరిది, మూటల వంతు అండాలు అత్తవారిది. ఆ మూట ఇక మోయనన్నందుకే అండాలు పెనిమిటి పర్వతాలు దొర మనుషుల తుపాకీకి పోయాడు. ఆయన పోయాక ఊళ్లో ఎవరూ గడికి పుల్ల కూడా మోయలేదు.

"ఏమ్రా జానయ్యా, బస్సుకాడికి పో. దొర చుట్టానికి బరఫ్ వస్తాంది, మోసుకరా" అన్నాడు గుమాస్తా.

జానయ్య అండాలు మరిది. అన్న పోలికే, అన్న కోపమే.

"కూలికా, వెట్టికా?" అన్నాడు.

"వెట్టి ఏందిరా! వెట్టి ఎన్నడో పోయింది. గిది మర్యాద!"

చూశారా, ఎంత చక్కటి మాట! కాని జానయ్యకు నాగరికత తెలియదు. దవడ బిగించాడు. అండాలు లోపల్లోపలే లెక్క వేసుకుంది. మరిది లేదంటే సంఘపోడని బడిలో వేస్తారు. బడిలోకి పోయినవాళ్లు తమ కాళ్ల మీద తిరిగి రావడం ఆమె చూడలేదు. అవునంటే ఇవాళ మంచుగడ్డ, రేపు కట్టెలు, ఎల్లుండి నాగలి. పర్వతాలు పోయింది ఊరికే పోయినట్టవుతుంది.

"పోతడయ్యా, ఎందుకు పోడు? నేను గూడ వస్త" అంది గబగబా.

దారిలో ఆమె ముసలి ఈదమ్మను పిలిచింది, కల్లు గీసే గుర్వయ్యను పిలిచింది. జానయ్య మాత్రం నిప్పులు కక్కుతూ నడిచాడు.

"మా అన్న సచ్చింది గిందుకేనా వదినె? నువ్వే నా నెత్తి మీద పెడ్తవా?"

"నోరు మూసుకొని నడువు. అక్కడ నువ్వు ఒక్క ముక్క మాట్లాడినవంటే నీకు గటుక బంద్."

బస్సు వచ్చింది. గోనెపట్టాలో ఊక నింపి చుట్టిన గడ్డను కిందికి దింపి పోయింది. గుమాస్తా పట్టా విప్పి చూపించాడు. మండుటెండలో దాన్నుంచి పొగలు లేస్తున్నాయి. అండాలు వేలు పెట్టి, చటుక్కున తీసి, లబలబలాడింది.

"అయ్యో, నీ బాంచెనయ్యా! గిది మూట గాదు. నీళ్లు!"

"నీళ్లే. గడ్డకట్టిన నీళ్లు. లేవట్టు!"

"నీళ్ల వంతు ఈదమ్మత్తది గదయ్యా! ఒకరి వంతు ఒకరు ముట్టుకుంటే దొర పద్ధతి చెడిపోదా? మల్ల మమ్ములనే అంటరు."

రఘుపతి ఆలోచనలో పడ్డాడు. వంతుల తగవులు తీర్చడం ఆయనకు తాతలనాటి విద్య. సంఘం రోజుల్లో ఆ విద్యకు పని లేక ఆయన చిక్కిపోయాడు పాపం!

"ఈదమ్మా, నువ్వెత్తు."

"ఎత్తుతయ్యా, ఎందుకెత్త? కుండ గూడ తెచ్చుకున్న" అని ముసలమ్మ కుండ ముందుకు జరిపింది. "జర గిండ్ల పొయ్యి. అయ్యో, మూతికి పడ్తలేదు గదా! కరగనియ్యి. కరిగినంక చుక్క పోకుండ మోస్త."

"కరిగితే ఇంకెందుకే, ముసల్దానా! అది కల్లుల ఏసేది!"

"గట్ల చెప్పు మరి! కల్లుదైతే గుర్వయ్యది" అంది అండాలు.

గుర్వయ్య తలపాగా తీసి చేతులు కట్టుకున్నాడు. "నేను సిద్ధమే అయ్యా. కాని చెట్టు మీంచి దిగిందే మా వంతు. గిది ఏ చెట్టు మీంచి దిగింది?"

"బస్సు మీంచి దిగింది, కనబడ్తలేదా?"

"అయితే డ్రైవర్ వంతు! ఆపకపోతిరి అయ్యా, పోయె గదా!"

గమనించండి. ఒక్కరైనా మోయనన్నారా? అందరూ సిద్ధమే! దొర పద్ధతి మీద గుమాస్తాకు కూడా లేనంత భక్తి! ఆయన కట్టెల వంతు గురించి ఆలోచించాడు, పాల వంతు గురించి ఆలోచించాడు, ఒకప్పుడు గడికి గాజు దీపాలు వచ్చినప్పుడు ఎవరు మోశారో గుర్తుచేసుకున్నాడు. గోనెపట్టా కింద చిన్న మడుగు కట్టింది. ఎవరిదో కుక్క వచ్చి కడుపారా తాగి పోయింది.

ఎంతకూ రాని మంచుగడ్డను వెతుక్కుంటూ చివరికి దొర కారే వచ్చింది. బాబు దిగి, ఊకలో చేయి పెట్టి, నిమ్మకాయంత ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

"బావినీళ్ల ఐసు. కొద్దిగా ఊక వాసన" అన్నాడు. ఎంత నాలుక!

"ఎవడు లేదన్నడు?" అని దొర గుమాస్తా మీద విరుచుకుపడ్డాడు.

"ఎవ్వరు లేదనలేదు దొరా!" గుమాస్తా గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

అప్పటిదాకా వదిన మాట ప్రకారం ఒక్క ముక్క మాట్లాడని జానయ్య, అప్పుడు కూడా మాట్లాడలేదు. నవ్వాడు.

అంతే. సాయంత్రానికి అతను బడిలో ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే అండాలు జొన్నరవ్వతో కాచిన గటుక కుండ పట్టుకుని బడి గేటు దగ్గర కూర్చుంది. సిపాయి లోపలికి పోనివ్వలేదు. వరండాలో క్యాంపు అధికారి, బాబు ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నారు. వాళ్ల వెనక గది తలుపు మూసి ఉంది. కాసేపటికి బాబు మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. కుండ చూడగానే ఆయన ముఖం వికసించింది.

"ఏమిటమ్మా అది?"

"జొన్న గటుక, బాబూ. మా మరిదికి."

ఆయన వేలితో కాస్త తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. "భేషుగ్గా ఉంది. ఉప్పు వేయలేదే?"

"ఇంట్ల ఉన్న ఉప్పు నిన్న మాపటికి సిపాయిలు పట్కపోయిండ్రు. లోపలున్నోళ్ల పుండ్లకు రాస్తుండ్రంట." అండాలు ఆయన బూట్ల మీద చేతులు పెట్టింది. "బాబూ, నిన్న నువ్వు గూడ ఉంటివి గదా! మా మరిది లేదనలేదు. ఎవ్వరం అనలేదు. గుమాస్తయ్య చెప్తుంటె ఇంటివి. గా ఒక్క మాట ఆ సర్దారుకు చెప్పు. నీ మాట ఇంటడు."

మూసిన తలుపు వెనక నుంచి ఒక కేక వినిపించింది. బాబు అటు చూశాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, కాసేపు చూశాడు.

"నేను ఇలాంటి వాటిలో తల దూర్చనమ్మా" అన్నాడు మెత్తగా. "నాది రుచుల శీర్షిక."

తర్వాత కారెక్కి వెళ్లిపోయాడు.

ఆయన చేసిన మేలు ఊరు మరువలేదు. ఆ తర్వాత గడి సరుకులు గడి బండిలోనే వచ్చాయి. వంతుల మాట ఎత్తడానికి గుమాస్తాకు ధైర్యం చాలలేదు. జానయ్య కూడా వానలు పడ్డాక ఇల్లు చేరాడు. నడిచి రాలేదు, గుర్వయ్య, ఈదమ్మ కొడుకు కలిసి మోసుకొచ్చారు. ఎవరి వంతు అని ఆ రోజు ఎవరూ అడగలేదు.

బాబు రాసిన వ్యాసం మద్రాసు వారపత్రికలో నాలుగు పేజీలు వచ్చింది. చాలా ఏళ్లకు నా చేతికి దొరికితే కూడబలుక్కుని చదివాను. కల్లు గురించి ఒక పేజీ ఉంది. కరిగిపోయిన మంచుగడ్డ గురించి కన్నీళ్లు తెప్పించే పేజీ ఉంది. క్యాంపు కాఫీ గురించి, పొడి మరీ ముతకదైనా పాలు చిక్కగా ఉన్నాయని ఉంది. వెతగ్గా వెతగ్గా చివర మా గటుక గురించి కూడా ఒక వాక్యం కనిపించింది.

"ఇక్కడి ప్రజలు జొన్న గటుకలో ఉప్పు వేసుకోరు, అది ఈ ప్రాంతపు ఆచారం."