మూడు నక్షత్రాలు, ఫస్ట్ క్లాస్

మనిషి సంతోషంగా ఉన్నాడా లేడా అన్న ప్రశ్నను మునులు, తత్త్వవేత్తలు కొన్ని వేల ఏళ్లు శ్రమించినా తేల్చలేకపోయారు. అబుదాబిలో చలికాలం మాత్రమే తెరిచే ఒక పూలతోట యాజమాన్యం దానిని అయిదు నక్షత్రాలతో తేల్చివేసింది. (తోట పేరు చెప్పను. చెబితే మీరూ వెళతారు. వెళితే మీరూ మార్కులు వేయవలసి వస్తుంది.)

గత జనవరి రెండవ ఆదివారం ఆ తోట ద్వారం వద్ద హాజరైనవారు, వరుసలో నిలబడిన క్రమంలో: మొదట నేను. ముప్ఫయి నాలుగేళ్లు ఆంగ్లం బోధించి, ఇంటర్మీడియట్ మూల్యాంకన శిబిరాలలో చీఫ్ ఎగ్జామినర్‌గా వ్యవహరించి, విశ్రాంతి పొంది, ప్రస్తుతం షార్జాలోని రోలాలో కుమార్తె శ్రీసుధ ఇంట ఉంటున్నవాడిని. తరువాత నా మిత్రుడు నాగబాబు; స్వస్థలం అమలాపురం దగ్గర, ఉద్యోగం అబుదాబి శివారు ముసఫ్ఫాలోని ఒక లేత్ వర్క్‌షాపులో ఫోర్‌మన్. చివరగా, పులిహోర నింపిన నాలుగు గిన్నెల క్యారియర్. ఉష్ణోగ్రత పందొమ్మిది డిగ్రీలు. అందుచేత నేను స్వెట్టరు, మఫ్లరు, మంకీ క్యాప్ ధరించి ఉన్నాను. నాగబాబు పొట్టిచేతుల చొక్కాతో వచ్చాడు. అతనికి ఋతువులంటే గౌరవం లేదు.

ప్రవేశం ఉచితం. ఉచితమైనది సులభంగా లభిస్తుందని నమ్మేవారు ఎన్నడూ కార్యాలయం మెట్లెక్కనివారు. ముందుగా ఫోనులో యాప్ తెరిచి, పేరు, వయస్సు, సందర్శన ఉద్దేశం నమోదు చేసి, సమయం కేటాయింపు పొందాలి. ఉద్దేశాల జాబితాలో ‘పూలు చూచుట’ లేదు. ‘ఇతరములు’ ఎంచుకున్నాము. తరువాతి ప్రశ్న: గత సందర్శన మీకు ఎంత సంతృప్తినిచ్చింది? మేము అంతకుముందు రాలేదు. రాలేదని చెప్పే అవకాశం యాప్‌లో లేదు. నేను సందిగ్ధంలో ఉండగానే నాగబాబు తన ఫోనులో అయిదు నక్షత్రాలు నొక్కి లోపలికి నడిచాడు. చూడని తోటకు నూటికి నూరు ఎలా వేశావని మందలించాను.

“అయిదు నొక్కేత్తే మళ్ళీ అడగదండి మాస్టారూ. మూడో నాలుగో నొక్కామనుకోండి, కారణాలడుగుతాది.”

ఈ హెచ్చరికను నేను అప్పుడు పట్టించుకోలేదు.

తోటలోనికి ఆహారం నిషిద్ధం కనుక క్యారియర్‌ను సామాను గదిలో అప్పగించాలి. అక్కడి ఉద్యోగిని పేరు దేవి. మా మాటలు విని, “గోదారోళ్ళాండీ?” అని అడిగి, క్యారియర్‌లోంచి నూనె కారకుండా గుడ్డ చుట్టి, నిటారుగా నిలబెట్టి, టోకెన్ ఇచ్చింది. నా మంకీ క్యాప్ చూసి జాలిపడి, గ్లాసుడు వేడినీళ్లు కూడా ఇచ్చింది. లోపల పూలు లక్షల సంఖ్యలో, స్వాతంత్ర్య దినోత్సవ కవాతులో విద్యార్థుల వలె, రంగుల వారీగా నిలబడి ఉన్నాయి. తిరిగి వచ్చి క్యారియర్ తీసుకోగానే, బల్ల మీది తెర మా సంతృప్తి ఎంతో చెప్పమన్నది.

నేను మూల్యాంకనం చేశాను. ప్రవర్తన బాగున్నది. వేడినీళ్లు సిలబస్‌లో లేనివి. అయితే టోకెన్ మీది ఏడంకె ఒకటిలా ఉన్నది. ఒక నక్షత్రం తగ్గించాను. అయిదవది నేనెవరికీ వేయను. అది సరస్వతీదేవికి అట్టిపెట్టినది. మిగిలినవి మూడు. అయిదుకు మూడంటే నూటికి అరవై, అనగా ఫస్ట్ క్లాస్. (ఎం.ఏ.లో నాకు వచ్చినది యాభై ఎనిమిది.) మూడు నొక్కి దేవిని అభినందించాను. ఆమె ముఖం పాలిపోయింది.

తెర పసుపురంగుకు మారింది. రెండు నిమిషాలలో సందర్శకానంద పర్యవేక్షకుడు ప్రమోద్ విచ్చేశాడు, జగిత్యాల వాస్తవ్యుడు. నిబంధనల ప్రకారం అతడు ముందు గుండె మీద చేయి వేసుకొని క్షమాపణ కోరి, ఆ తరువాతే ఏమి జరిగిందో అడగాలి. అదే క్రమంలో చేశాడు. జరిగినది ఫస్ట్ క్లాస్ అని వివరించాను.

“సార్, మీ కాడ త్రీ అంటే ఫస్ట్ క్లాసేమో, ఈడ ఫెయిల్. వారంల ఒక్క త్రీ పడ్డా లీవు లిస్టుల పేరుండది. ఇయ్యాల సాయంత్రం గడియారంల నాలుగు కొట్టంగనే లిస్టు ఖలాస్.”

దేవి నాలుగేళ్లుగా ఇంటికి వెళ్లలేదు. మార్చిలో కూతురి పదో తరగతి పరీక్షలకు పక్కన ఉండాలని సెలవు కోరింది. అది మంజూరయ్యే జాబితా ఆనాటిదే. మూడును రద్దు చేయమని ప్రమోద్‌ను కోరాను. పన్నెండవ నిబంధన ప్రకారం సందర్శకుడు ఒకసారి వ్యక్తం చేసిన సంతృప్తిని ఉపసంహరించుకోరాదట. ఉపాయం ఒక్కటే: అదే సందర్శకుడు అదే రోజు మళ్ళీ సందర్శించి అయిదు వేస్తే మూడు మాసిపోతుంది. అయితే ఉద్యోగులు అతనిని ప్రభావితం చేయరాదు. ‘అయిదు’ అన్న మాట పలకరాదు, అయిదు వేళ్లు కనబడేలా చేయి చాపరాదు.

మేము బయటకు వెళ్లి, కొత్తగా సమయం తీసుకొని, వరుసలో నిలబడ్డాము. రెండు గిన్నెల పులిహోర వరుసలోనే ముగిసింది. ఈసారి గత సందర్శన గురించిన ప్రశ్నకు నా వద్ద సమాధానం ఉన్నది. దేవి బొటనవేలు మడిచిపెట్టుకొని క్యారియర్ అందుకున్నది. టోకెన్ మీద అంకె ముత్యంలా ఉన్నది. పూలను మళ్ళీ చూశాము. వాటిలో మార్పు లేదు. తిరిగి వచ్చి, ఎంతో ఉదారంగా, నాలుగు నొక్కాను.

నూటికి ఎనభై నా సర్వీసులో ఇద్దరికే వేశాను. వారిలో ఒకరు ఇప్పుడు జిల్లా జడ్జి. ఇదంతా చెబుతుండగా తెర నారింజరంగుకు మారింది, ప్రమోద్ గుండె మీద చేయితో ప్రత్యక్షమయ్యాడు. నాలుగంటే మూడు సగమే మాసినట్టట.

మూడవసారి వరుసలో నాగబాబు మూడవ గిన్నె తెరిచి ఒక్కడే ముగించాడు. ఆ తరువాత అన్నాడు:

“మాస్టారూ, నా లేత్ మీద నూటికి తొంభై వచ్చిన బోల్టుని తుక్కులో పడేత్తామండి. తొంభై వచ్చింది కదాని ఫస్ట్ క్లాసిచ్చి బిగించేత్తే, బండి ముసఫ్ఫా దాటదండి. ఒకో చోట నూరంటే పాసండి, అంతే.”

మూడు యాభై రెండుకు బల్ల దగ్గరకు చేరాము. దేవి ఈసారి బొటనవేలు మడవలేదు. ఒకే గిన్నె మిగిలిన క్యారియర్‌ను అందుకొని, గుడ్డ చుట్టి, మళ్ళీ విప్పి, నాకు తిరిగి ఇచ్చింది. పూలు చూడకుండానే సందర్శన పూర్తయింది. తరువాత ఆమె నవ్వింది.

“మా పాప పేపరు మాత్రం మీ చేతిలో పడకూడదని దేవుడికి మొక్కుకున్నానండి, మాస్టారండీ.”

నేను తెర ముందు నిలబడ్డాను. గడియారం మూడు యాభై ఆరు చూపిస్తున్నది. మూల్యాంకన నియమావళిలో ఒక సదుపాయం గుర్తుకు వచ్చింది. అభ్యర్థి స్వల్ప తేడాతో నష్టపోతున్నప్పుడు చీఫ్ ఎగ్జామినర్ తన విచక్షణ మేరకు గ్రేస్ మార్కు కలపవచ్చు. నాలుగుకు ఒకటి కలిపాను. అయిదు నొక్కాను.

తెర ఆకుపచ్చగా మారింది. అలవాటు కొద్దీ ప్రమోద్ గుండె మీద చేయితో పరుగున వచ్చి, క్షమాపణ కోరడానికి ఏమీ లేదని తెలిసి, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనుదిరిగాడు. నాలుగు గంటలకు జాబితా వచ్చింది. దేవి పేరు చివరి నుంచి రెండవది. మిగిలిన పులిహోర గిన్నెను నాగబాబు బల్ల కింద నుంచి ఆమెకు అందించాడు. (ఆహార నిషేధ నిబంధన తోటకే వర్తిస్తుంది, బల్ల కింది ప్రదేశం గురించి అందులో ప్రస్తావన లేదు.)

షార్జా బస్సులో ఉండగా నా ఫోనుకు సందేశం వచ్చింది. ఆ తోటలో ఉద్యోగులు కూడా సందర్శకులకు మార్కులు వేస్తారట. సామాను గది ఉద్యోగిని నా ప్రవర్తనకు అయిదుకు అయిదు వేసింది.

ఒకే దినమున ముమ్మారు వచ్చి, తన సెలవుకు రెండుసార్లు అడ్డుపడి, బల్ల మీద నూనె మరక వదిలి వెళ్లిన వృద్ధునికి శ్రీమతి దేవి గారు నూటికి నూరు మార్కులు ప్రసాదించిన విషయాన్ని ఇందుమూలముగా కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేయుచున్నాను. ఆ మూల్యాంకనంలో దోషం సుస్పష్టం. రీవాల్యుయేషన్‌కు మాత్రం నేను దరఖాస్తు చేయడం లేదు.