ఒక గేరు ముందుకు, నాలుగు వెనక్కి

పరుపుల ఫ్యాక్టరీకి పోయే దారిలో లారీలన్నీ వెనక్కి నడుస్తాయన్న సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనివారి సౌకర్యార్థం, ఈ ఘనకార్యానికి ఆద్యుడినైన నేనే వివరాలు సమర్పించుకుంటున్నాను. నిజానికి ఇందులో నా ప్రతిభ కంటే నా పిసినారితనం పాత్రే ఎక్కువ. చరిత్ర అంత లోతుగా చూడదు కాబట్టి కీర్తి మొత్తం నాకే దక్కింది.

నాకొక పాత లారీ ఉంది. పదిహేనేళ్లుగా మా ఇంటిని పోషిస్తున్నది అదే. నేను స్టీరింగు పట్టుకుని కూర్చుంటాను, అంతే. నిరుడు దాని ఇంజను కన్నుమూసింది. సరిగ్గా అప్పుడే పరుపుల ఫ్యాక్టరీ వాళ్లు సరుకు మోసే కాంట్రాక్టు ఇస్తామన్నారు. షరతు ఒక్కటే: ఒకటో తేదీ ఉదయం తొమ్మిదింటికల్లా లారీ గేటు దగ్గర ఉండాలి. లేకపోతే పని ఇంకొకరికి పోతుంది, మా ఆవిడ మళ్లీ బట్టల కొట్లో చేరి, మోకాళ్ల నొప్పులతో రోజంతా నిలబడాలి. అది నాకు ఇష్టం లేదు. ఈ ఒక్క మాట మాత్రం ఎగతాళికి అనడం లేదు.

మా పేటలో ఒక మేస్త్రీ ఉన్నాడు. నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడు. అడిగితే తప్ప మాట్లాడడు, అందుకే ఆయన సలహాకు విలువ తక్కువ. "ఇదే కంపెనీ, ఇదే మోడల్ పాత ఇంజను దొరుకుతుంది బాబూ, రెండు రోజుల్లో బిగించేస్తాను" అని ధర చెప్పాడు. నేను నవ్వాను. ఇంజను ఇంజనే గదా, దానికీ వంశవృక్షం చూడాలా?

పాత ఇనప సామాన్ల దుకాణంలో ఒక పడవ ఇంజను దొరికింది, మేస్త్రీ చెప్పిన ధరలో మూడో వంతుకే. దుకాణదారు నిజాయితీపరుడు. దాచిపెట్టి అమ్మి ఉంటే తప్పు ఆయన మీదికి నెట్టేవాణ్ణి, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

"ఇది రెండు ఇంజన్ల పడవలోదండీ. పడవ తిన్నగా పోవాలంటే ఒకటి కుడికీ, ఒకటి ఎడమకీ తిరగాలి. ఇది ఎడమకి తిరిగేది. అందుకే ఎవరూ కొనట్లేదు" అని విడమరిచి చెప్పాడు.

"తిరగడం ముఖ్యమండీ, ఎటైతేనేం" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు పలికిన గాంభీర్యం ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

ఇంజను లారీలో పట్టలేదు. కొనేముందు కొలతలు తీయలేదా అని అడగకండి; తీశాను. మా ఆవిడ కుట్టుమిషను దగ్గరి టేపుతో అంగుళం తప్పకుండా తీశాను. ఫ్యానును మాత్రం కొలవలేదు. అది తిరుగుతూ ఉండేది కాబట్టి ఒకచోట స్థలం తీసుకోదనుకున్నాను. చివరికి ఒక వెల్డింగు కుర్రాడి చేత క్యాబిన్ నేల కోయించాం. ఇంజను వచ్చి మా ఆవిడ కూర్చునే సీటులో ఆసీనమైంది. అది గేర్‌బాక్సుతో కలవనంటే మధ్యలో మందపాటి ఇనప పలక పెట్టించాం. పొగగొట్టం తలుపు పక్క నుంచి పైకి లేచింది. ప్రతి సవరణా చిన్న ఖర్చే. ఆ చిన్న ఖర్చులన్నీ కలిసి మేస్త్రీ మొదట చెప్పిన ధరను దాటిన రోజున నేను లెక్క రాయడం మానేశాను. పొదుపులో అదొక ఉన్నత దశ.

ముప్ఫయ్యో తేదీ సాయంత్రం ఇంజను మొదటి ప్రయత్నంలోనే అందుకుంది. నా కళ్లు చెమర్చాయి. మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాను. లారీ హుందాగా వెనక్కి కదిలి, షెడ్డు తలుపును వెంటబెట్టుకుని వీధిలోకి వెళ్లింది. రెండో గేరు వేస్తే ఇంకాస్త హుషారుగా వెనక్కి వెళ్లింది. విచారించగా తేలిందేమిటంటే, నాలుగు గేర్లూ వెనక్కే. ముందుకు పోవడానికి ఉన్నది ఒక్క రివర్సు గేరు. అందులో మనిషి నడక కంటే వేగం రాదు, కిలోమీటరుకోసారి నీళ్లు మరిగిపోతాయి.

ఫ్యాక్టరీ పది కిలోమీటర్లు. మర్నాడు పొద్దున మా ఆవిడ లారీ తొట్టిలోకి ఎక్కి, వెనక పలక పట్టుకుని నిలబడింది.

"పోనివ్వండి, నేను చెప్తా. కొంచెం ఎడమకి... సైకిలొస్తోంది, ఆగండి... ఆఁ, రండి, రండి."

ఆమెకు నిలబడే పని తప్పించడమే నా ఆశయమని ఇంతకుముందే మనవి చేసుకున్నాను.

తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా లారీ వెనక భాగం నేరుగా వెళ్లి సరుకు ఎక్కించే అరుగుకు ఆనింది. మేనేజరు వాచీ చూసుకుని నిర్ఘాంతపోయాడు. అంతకుముందు ప్రతి లారీ లోపలికొచ్చి, తిప్పుకుని, వెనక్కి పెట్టేసరికి ఇరవై నిమిషాలూ రెండు పూలకుండీలూ ఖర్చయ్యేవట.

"దీన్నండీ ప్రణాళిక అంటారు" అన్నాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన చేతిలో కాంట్రాక్టు కాగితం కనిపించింది. నోరు మూసుకున్నాను.

ఆ నెలాఖరుకే లారీ యజమానుల సంఘం నాకు సన్మానం చేసింది. అధ్యక్షుడు మైకు పట్టుకున్నాడు. "మిత్రులారా, అందరూ ముందుకు చూస్తూ గోతుల్లో పడుతున్న ఈ రోజుల్లో, వెనక్కి పోతూ గమ్యం చేరిన దార్శనికుడు ఈయన. ఇది వెనకడుగు కాదు. వెనక నుంచి వేసిన ముందడుగు." అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాటకు అర్థం తెలియకపోయినా నేనూ కొట్టాను. అప్పటికే నా మెడ కుడివైపుకు బిగుసుకుపోయి తల వంగి ఉండేది. జనం దాన్ని వినయం అనుకున్నారు.

ఆరు నెలలయ్యేసరికి మా ఆవిడ మోకాళ్లు వాచిపోయాయి.

"ఏమండీ, ఇక నావల్ల కావట్లేదు. మేస్త్రీని అడగండి."

"లోకమంతా మెచ్చుకున్న పద్ధతే!"

"ఆ లోకం వచ్చి వెనక నిలబడుతుందా?"

మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన లారీ కిందికి దూరి బయటికొచ్చి, "వెనక ఇరుసు లోపలి గేర్లు తిప్పి బిగిస్తే సరిపోద్ది. అరపూట పని" అన్నాడు.

"ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదు బాబూ. సన్మానం అని పిలిచారు, వచ్చి చప్పట్లు కొట్టాను."

అరపూటలో లారీ ముందుకు నడిచింది. మర్నాడు మా ఆవిణ్ణి ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోమని చెప్పి, ఎదురుగా ఉన్న రోడ్డు చూస్తూ బయల్దేరాను. రోడ్డు ముందుగా కనిపించి, ఆ తర్వాత మనం దాని మీదికి వెళ్లడంలో ఎంత సుఖముందో అనుభవిస్తే గాని తెలియదు. గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టి, వెనక్కి వచ్చే రోజుల్లో నేనెన్నడూ చదవని బోర్డు చూపించాడు. "వాహనములు ప్రధాన రహదారి నుండి గేటు వరకు వెనుక భాగము ముందుగా మాత్రమే రావలెను. తొట్టిలో ఒక మనిషి నిలబడి ఉండుట తప్పనిసరి."

నా వెనక అయిదు కొత్త లారీలు, ముందుకు పోవడానికి అన్ని హక్కులూ ఉన్నవి, వెనక్కి నడుస్తూ వచ్చి వరసలో ఆగాయి. ప్రతి తొట్టిలోనూ డ్రైవరు భార్యో, తమ్ముడో, మామగారో నిలబడి రండి రండి అంటున్నారు. మెడలు తిప్పి ఉన్న డ్రైవర్లు నన్ను చూసి, సొంత తెలివి చూపిస్తున్నాడని నవ్వారు.

మేనేజరు దగ్గరికి పోయి నిజం చెప్పేశాను. పడవ ఇంజను, చవక బేరం, నా మూర్ఖత్వం, ఏదీ దాచలేదు. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"పొరపాటైతే నియమం ఎలా అవుతుందండీ?" అన్నాడు.

ముందుకు పోతే కాంట్రాక్టు పోతుంది, వెనక్కి పోతే మా ఆవిడ మోకాళ్లు పోతాయి, కూలికి మనిషిని పెడితే మిగిలేదేమీ ఉండదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్న పెద్దాయన లారీ నడిపే ఉంటాడు. ఇంటికెళ్లి విషయం చెప్పాను. ఆమె మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని లేచింది. నాకు సిగ్గేసింది. అయినా లారీ తీశాను.

మీరు నవ్వుతున్నారు, నవ్వండి. రేపు మీరు ఏ ఆఫీసులోనో ఒకే కాగితాన్ని మూడు కిటికీల దగ్గర చూపించి, నాలుగో కిటికీ దగ్గర ఎందుకని అడగకుండా సంతకం పెడతారు. అది ఎవడు చవగ్గా కొన్న ఇంజనో మీరు కనుక్కోరు. వెనక నిలబడ్డది మన ఇంటి మనిషి కానంతవరకు, మీకైనా నాకైనా అది నియమమే.