అరవై అయిదు కిలోల ప్రయాణికులు

నగరంలో కొత్తగా మొదలైన లైట్ రైలులో తొలి పదకొండు రోజులు ఇసుక బస్తాలు మాత్రమే ప్రయాణించాయి. పన్నెండో రోజు నుంచి, బస్తాలకు వర్తించే షరతులకు ఒప్పుకున్న మనుషులను కూడా ఎక్కించుకున్నారు.

ఇందులో ఎవరి పొరపాటూ లేదు. ఏ రైలునైనా జనాన్ని ఎక్కించే ముందు బరువుతో నడిపి చూస్తారు. మనిషికి బదులు అరవై అయిదు కిలోల ఇసుక బస్తా పెడతారు. ఈ రైలును కూడా పాత గంజ్ నుంచి కొత్త కలెక్టరేట్ వరకు ఆరు నెలలు, ఆరువందల పది బస్తాలతో నడిపారు. బ్రేకులు పట్టాయి. తలుపులు మూసుకున్నాయి. భద్రతాధికారి ధ్రువపత్రం మీద సంతకం చేసి మర్నాడు పదవీ విరమణ చేశారు. పత్రంలోని పదకొండో పేరాలో ఇలా ఉంది: "ఒక్కొక్కరు అరవై అయిదు కిలోల బరువు కలిగి, ఎక్కించిన చోటి నుంచి కదలక, శబ్దం చేయక ఉండే ప్రయాణికులకు ఈ రైలు సురక్షితమైనదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

పేరాను సవరించాలంటే మనుషులను ఎక్కించి మళ్లీ పరీక్ష చేయాలి. ధ్రువపత్రం లేని రైలులో మనుషులను ఎక్కించడం నేరం. ఈ విషయమై సంస్థకూ ప్రభుత్వానికీ మధ్య నాలుగు ఉత్తరాలు నడిచాయి. నాలుగో ఉత్తరం మొదటి ఉత్తరాన్ని చూడమంది.

ప్రారంభోత్సవం తేదీ అప్పటికే ఖాయమైంది. మంత్రి పచ్చజెండా ఊపారు. ముందు వరస బస్తాలకు బొట్లు పెట్టి దండలు వేశారు. పదకొండు రోజుల్లో ఒక్క రైలూ ఆలస్యం కాలేదు. ఒక్క ఫిర్యాదూ రాలేదు. కొత్త రైలుకు పోటీ ఉండకూడదని ఆ దారిలో తిరిగే పద్నాలుగో నంబరు సిటీ బస్సులు మొదటి వారంలోనే ఆపేశారు. జనం స్టేషన్ల ముందు గుమిగూడారు. సంస్థ మేనేజింగ్ డైరెక్టరు ఫైలు తెప్పించుకుని చదివి, ప్రయాణికులు ఇసుకే అయి ఉండాలని పదకొండో పేరాలో ఎక్కడా లేదని రాశారు.

ప్రతి స్టేషన్‌లో కాటా పెట్టారు. బరువు తక్కువైన వాళ్లకు గుడ్డ సంచిలో ఇసుక పోసి నడుముకు కట్టారు. స్కూలు పిల్లలను ఇద్దరిద్దరిని కలిపి కట్టి కాటా వేశారు. బరువు ఎక్కువైన వాళ్లను తగ్గాక రమ్మన్నారు. మొదటి రెండు రోజులు మనుషులు నడిచి రైలెక్కారు. బస్తాలు నడుస్తున్నాయని కంట్రోల్ రూమ్ అభ్యంతరం రాసింది. మూడో రోజు నుంచి హమాలీలు వచ్చారు. ఒకరు భుజాల దగ్గర, ఒకరు మోకాళ్ల దగ్గర పట్టి ఎత్తేవారు. ఎక్కడ ఎక్కించాలో, ఎక్కడ దించాలో మెడలో చీటీ ఉండేది.

కడలి హైమావతి ప్రభుత్వ ఆసుపత్రి డయాలసిస్ కేంద్రంలో టెక్నీషియన్. వయసు ముప్పై నాలుగు. ఇల్లు ఆసుపత్రికి పదిహేడు కిలోమీటర్ల దూరంలో గొల్లపాలెంలో ఉంది. కేంద్రంలో పది యంత్రాలు. రోజుకు నాలుగు షిఫ్టులు. మొదటి షిఫ్టు ఆరున్నరకు మొదలుపెట్టాలి. అది ఆలస్యమైతే మిగతావన్నీ వెనక్కి జరుగుతాయి. నాలుగో షిఫ్టుకు వేళ చాలక కొందరిని వెనక్కి పంపుతారు. ఒక పూట డయాలసిస్ తప్పితే ఏమవుతుందో ఆమె రెండుసార్లు చూసింది. బస్సు ఆగిపోయాక ఆరున్నరకు ఆసుపత్రి చేరే దారి ఆమెకు ఒక్కటే మిగిలింది.

"యాభై ఒకటీ నాలుగొందలు," అన్నాడు కాటా దగ్గరి మనిషి. "పదమూడు కిలోల ఆరొందలు కట్టించుకోండి."

"నిన్న పదమూడుంపావే కదండీ?"

"రాత్రి అన్నం మానేశారేటి? అన్నం తింటారో, ఇసక కట్టుకుంటారో మీ ఇష్టమండి. ముల్లు అరవై అయిదు మీద ఆగాలి."

"మా వీధిలో ఇల్లు కడుతున్నోళ్లని అడిగి తెచ్చుకున్నానండి, ఇదిగో సంచి."

అతను సంచిలో చెయ్యి పెట్టి నలిపి చూశాడు. "ఇది రోబో ఇసకండి, రాయి పిండి చేసింది. చెల్లదు. ట్రయల్లో తిరిగింది ఏటి ఇసక."

గొల్లపాలెంలోనే ఎక్కే పంపన వీర్రాజు కలెక్టరేట్ క్యాంటీన్‌లో వంట మేస్త్రి. మొదటి రోజు కాటా మీద అతని బరువు డెబ్బై ఒకటి. ఆరు కిలోలు తగ్గించుకోవడానికి అతను మొదట చెప్పులు, తర్వాత గడియారం, తర్వాత రాత్రి భోజనం, చివరకు పొద్దుటి టిఫిను మానుకున్నాడు. ఒకరోజు గుండుతో వచ్చాడు.

"తిరపతి వెళ్లొచ్చారా బాబాయ్?" అంది హైమావతి.

"ఎక్కడి తిరపతి! కాటా దేవుడికిచ్చాను. నూటిరవై గ్రాములు కలిసొచ్చింది, ఆయ్."

"మీకు షుగరుంది. మాత్ర వేసుకుని పస్తుంటే పడిపోతారు."

"పడనీ. బస్తా పడితే ఎందుకు పడ్డావని ఎవడైనా అడుగుతాడా? లేపి నిలబెడతారు." వీర్రాజు నవ్వాడు. "రెండొందల మందికి పులిహోర కలిపి మెతుకు రుచి చూడని వంటోణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అమ్మాయ్. నువ్వు ఇసక మోస్తన్నావు, నేను ఖాళీ పొట్ట మోస్తన్నాను. ఏది బరువో చెప్పు?"

"రేపట్నుంచి జేబులో చక్కెర పొట్లం పెట్టుకోండి."

"అది నలభై గ్రాములు," అన్నాడు వీర్రాజు.

ఇరవయ్యో రోజున మార్కెట్ స్టేషన్ దాటాక ఒక ప్రయాణికుడు తుమ్మాడు. పదకొండో పేరా ఉల్లంఘన కింద రైలు ఆపి, బస్తాలనూ మనుషులనూ దించి, మళ్లీ కాటా వేసి ఎక్కించారు. యాభై నిమిషాలు పట్టింది. ఆ రోజు నాలుగో షిఫ్టులో ముగ్గురిని వెనక్కి పంపారు. వారిలో ఒకరు తర్వాతి వారం రాలేదు. కారణం రాయడానికి రిజిస్టరులో గడి ఉంది. హైమావతి అందులో రాసి సంతకం చేసింది.

ముప్పై మూడో రోజు గురువారం. వీర్రాజు కాటా మీద సరిగ్గా అరవై అయిదు తూగాడు. హమాలీలు అతన్ని ఎప్పటిలాగే హైమావతికి కుడిపక్కన నిలబెట్టారు. భుజానికి భుజం తగులుతోంది. రైలు 5:48కి బయలుదేరింది. రెండు స్టేషన్లు దాటాక అతని నుదుటి మీద చెమట పట్టింది. చేతివేళ్లు వణికాయి. పెట్టెలో పైనున్న కెమెరా పసిగట్టేంత వణుకు కాదు. అది చక్కెర పడిపోతున్న లక్షణమని హైమావతికి తెలుసు. గ్లూకోజు పొట్లం ఆమె భుజానికున్న సంచిలో ఉంది. కుడిచెయ్యి జానెడు కదిపితే అందుతుంది.

"అమ్మాయ్," అన్నాడు వీర్రాజు, పెదాలు కదపకుండా.

హైమావతి నిమిషాలు లెక్కవేసింది. ఆసుపత్రి స్టేషన్ పంతొమ్మిది నిమిషాల దూరంలో ఉంది. రైలు ఆగితే యాభై నిమిషాలు పోతాయి. అంటే నాలుగో షిఫ్టులో ముగ్గురో, నలుగురో. పంతొమ్మిది నిమిషాలు ఓర్చుకోగలడని ఆమె అనుకుంది. పదమూడో నిమిషంలో ఆమె భుజం మీద బరువు పెరిగింది. ఆమె ఆ బరువును ఆపుకుని నిలబడింది.

ఆసుపత్రి స్టేషన్‌లో హమాలీలు ఆమెను దించారు. కాళ్లు నేలకు తగలగానే ఆమె హమాలీ మేస్త్రి చెయ్యి పట్టుకుంది.

"నా పక్కనున్నాయనకి బాగోలేదు. నోట్లో గ్లూకోజు వెయ్యాలి. ఒక్క నిమిషమండి."

మేస్త్రి వీర్రాజు మెడలోని చీటీ చూశాడు. "ఈయనది కలెక్టరేట్ దాకా ఉందండి. ఇక్కడ ముడితే బండి ఆపాలి."

"మనిషండీ ఆయన!"

"దిగాక మనిషేనండి. ఎవరు కాదన్నారు?"

తలుపులు మూసుకున్నాయి. హైమావతి ఆసుపత్రి మెట్లు ఎక్కుతూ కలెక్టరేట్ స్టేషన్‌కు ఫోన్ చేసింది. మూడోసారి ఎవరో తీశారు. గొల్లపాలెం చీటీతో ఒకటి దిగిందని, చిరుగు ఏమీ లేదని, రాకపోకల పాసు కనుక తిరుగు వరసలో పెట్టామని చెప్పారు. నోట్లో గ్లూకోజు వెయ్యమని ఆమె చెప్పింది. బరువు మారుతుందని వాళ్లు చెప్పారు. ఆరున్నరకు పది యంత్రాలూ మొదలయ్యాయి.

సాయంత్రం రైలు 4:10కి ఆసుపత్రి స్టేషన్‌కు వచ్చింది. వీర్రాజు అందులో ఉన్నాడు. హమాలీలు హైమావతిని అతని పక్కన ఆమె చోట నిలబెట్టారు. అతను ఊపిరి తీసుకోవడం లేదని ఆమెకు వెంటనే తెలిసింది. ఊపిరి తీసుకోకపోవడం ఏ నిబంధనకూ విరుద్ధం కాదు. గొల్లపాలెంలో ఇద్దరినీ దించారు. హైమావతి స్టేషన్ మాస్టరుకు కాగితం రాసి ఇచ్చి ఇంటికి వెళ్లింది. వీర్రాజును మిగతా బస్తాలతో పాటు గోదాములో పెట్టారు. పొద్దున 5:48కి మళ్లీ ఎక్కించారు.

మూడో రోజున అతని భార్య వెంకాయమ్మ కౌంటరు దగ్గరకు వచ్చింది.

"మా ఆయన ఇంటికి రావట్లేదండి."

గుమస్తా రికార్డు చూశాడు. "రోజూ వస్తున్నారమ్మా. ఒక్క ట్రిప్పు కూడా తప్పలేదు."

"ఆయన పోయాడని హైమావతమ్మ చెప్పిందండి. తీసుకెళ్లిపోతాను."

"ఆవిడ కాగితం మాకూ అందింది. నెల పాసు ఇంకా పదకొండు రోజులు ఉంది. అవగానే తీసుకెళ్లచ్చు. ముందే కావాలంటే రద్దు దరఖాస్తు పెట్టుకోవాలి. దాని మీద ప్రయాణికుడి సంతకం కావాలి."

"ఆయనెలా చేస్తాడు బాబూ?"

"అదేనమ్మా," అన్నాడు గుమస్తా. "పదకొండు రోజులు ఎంతసేపు?"

వెంకాయమ్మ పదకొండు రోజులూ వచ్చింది. కాటా మీద పెట్టినప్పుడు కొంగుతో అతని ముఖం తుడిచేది. హమాలీలు ఆ మాత్రం ఆగేవారు. అయిదో రోజు నుంచి అతని బరువు తగ్గడం మొదలైంది. తగ్గిన మేరకు ఇసుక కట్టారు. చోటు మార్పిస్తానని మేస్త్రి హైమావతితో అన్నాడు. తలుపు పక్కనున్న తన చోటు వదులుకుంటే దిగడానికి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆమె వద్దంది.

పాసు గడువు ముగిశాక వీర్రాజును అప్పగించారు. నడుముకు కట్టిన ఇసుక విప్పి తీసుకుని రసీదు ఇచ్చారు. ఆ నెలలో నాలుగో షిఫ్టు నుంచి ఎవరినీ వెనక్కి పంపలేదు. డయాలసిస్ కేంద్రం గోడకు ఆ మేరకు ప్రశంసాపత్రం తగిలించారు.

వీర్రాజు చోటు కోసం ఎదురుచూస్తున్న వాళ్ల జాబితాలో పంతొమ్మిది వందల పేర్లు ఉన్నాయి. రిజిస్ట్రారు ఆఫీసులో టైపిస్టుగా పనిచేసే ఒకామె పేరు వచ్చింది. ఆమె కాటా దిగి హైమావతి పక్కకు వచ్చి నిలబడింది.

"మూడు కిలోలు ఎక్కువున్నానంటండి. తగ్గడానికి వారమే గడువిచ్చారు. దాటితే చోటు ఇంకోళ్లకి ఇచ్చేస్తారంట. మీరు ఆసుపత్రిలో చేస్తారు కదా, ఏం చేస్తే తొందరగా తగ్గుతానంటారు?"

"షుగరుందా?" అంది హైమావతి.

"లేదండి."

"అయితే రాత్రి పూట మానెయ్యండి. పొద్దున్న కూడా మంచినీళ్లతో సరిపెట్టుకోండి. వారంలో తగ్గిపోతారు."

హమాలీలు వచ్చారు. హైమావతి మాట ఆపి, చేతులు పక్కలకు ఆనించుకుంది.