శాశ్వత ప్రాతిపదికన నిరుద్యోగి

మా మరిదికి ఉద్యోగం వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ప్రతిపక్షం వారు అతన్ని నిరుద్యోగిగా తీసుకున్నారు.

రాతపరీక్ష పెట్టలేదు కాని మౌఖికం గట్టిగానే జరిగింది. యంత్రాల డిప్లొమా చేతికొచ్చి నాలుగేళ్ళయింది, నలభై చోట్ల అర్జీలు పెట్టాడు, కళ్ళ కింద సహజమైన నలుపు ఉంది. అన్ని అర్హతలూ కుదరడంతో అక్కడికక్కడే ఎంపిక చేశారు. పని కూడా బరువైనదేమీ కాదు. అధికార పార్టీ ఉపాధి విధానాన్ని తూర్పారబట్టే ప్రతి సభలోనూ వేదిక మీద ఎడమవైపు చివరి కుర్చీలో కూర్చోవాలి. నాయకుడు "ఈ తమ్ముణ్ణి చూడండి!" అన్నప్పుడు లేచి నిలబడాలి. చప్పట్లు ఆగాక కూర్చోవాలి. నవ్వకూడదు.

దుస్తుల విషయంలో మాత్రం పార్టీకి చాలా పట్టింపు. కాలరు అరిగి ఉండాలి గాని చిరగకూడదు. చిరిగితే జనం నాటకమనుకుంటారట. చొక్కా నీలం రంగుదే అయి ఉండాలి, కాని ఆ నీలం ఇక దేనిమీదా ఆశ లేనట్టు కనబడాలని కార్యాలయ కార్యదర్శి స్వయంగా మా ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆ బాధ్యత, ఎవరూ అప్పగించకుండానే, నా మీద పడింది. బట్టల సోడా, మిట్టమధ్యాహ్నపు ఎండ, ఒక గరుకు రాయి. మూడు రోజుల్లో కొత్త చొక్కాకి నాలుగేళ్ళ నిరుద్యోగం తెప్పించాను. కార్యదర్శి మోచేతుల దగ్గర తడిమి చూసి, "సహజంగా ఉంది" అన్నాడు. ఎవరిని మెచ్చుకున్నాడో తెలియలేదు. చూపు మాత్రం చొక్కా మీదే ఉంది.

దేశ ఆర్థిక పరిస్థితి గురించి తెలియనివారి కోసం రెండు ముక్కలు. పది లక్షల ఉద్యోగాలు ఇచ్చామని అధికార పార్టీ చెబుతోంది. పది లక్షల ఉద్యోగాలు ఊడగొట్టారని ప్రతిపక్షం చెబుతోంది. ఇద్దరి లెక్కా పది లక్షలే గనక అంకెల విషయంలో పేచీ లేదు. మా ఊరి చివర పంపుల ఫ్యాక్టరీ కూడా ఉంది. వాళ్ళ హయాంలో వాళ్ళు శంకుస్థాపన చేశారు, వీళ్ళ హయాంలో వీళ్ళు ప్రారంభోత్సవం చేశారు. తలుపులు తెరవడం మాత్రం ఎవరి పరిధిలోకీ రాలేదు.

అంతా సజావుగా సాగుతుండగా ఒక చిన్న పొరపాటు జరిగింది. ప్రతిపక్ష కార్యాలయంలో ఏ పనైనా పద్ధతి ప్రకారం జరగాలి. అందుకని మా మరిదికి గుర్తింపు కార్డు ఇచ్చారు. హోదా: నిరుద్యోగి. ప్రాతిపదిక: శాశ్వతం. ఒక సభలో చెప్పు సరిచేసుకోవడానికి వంగినప్పుడు ఆ కార్డు చొక్కాలోంచి జారి గాలిలో ఊగింది. మర్నాడు ప్రతి పేపర్లోనూ ఫోటో పడింది.

అధికార పార్టీ నాయకుడు ఆ ఫోటో ఎత్తి పట్టుకుని, "చూశారా! వాళ్ళ నిరుద్యోగికి కూడా మన హయాంలోనే ఉద్యోగం వచ్చింది!" అన్నాడు. సభ దద్దరిల్లింది.

సాయంత్రానికల్లా ప్రతిపక్షం జవాబిచ్చింది. "శాశ్వత నిరుద్యోగం కల్పించింది మీరు! మేం దాన్ని గుర్తించాం, అంతే!"

ఆ దెబ్బతో మా మరిది పేరు మారుమోగిపోయింది. వీధిలో వాళ్ళు దారి ఇస్తున్నారు. పాలాయన నీళ్ళు కలపడం తగ్గించాడు.

సరిగ్గా అప్పుడే కష్టం ఉత్తరం రూపంలో వచ్చిపడింది. ఫ్యాక్టరీ పక్కన పంపుల మరమ్మతు షెడ్డు నడిపే పెద్దాయన, మా మరిది ఎప్పుడో పెట్టిన అర్జీ చూసుకుని, "సోమవారం పొద్దున ఎనిమిదింటికి రా. రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటాను" అని రాశాడు. సోమవారమే ప్రతిపక్షం మహాసభ. అగ్రనాయకుడు వస్తున్నాడు.

ఇంట్లో సమావేశం జరిగింది.

"ఉన్న నిరుద్యోగాన్ని కాలదన్నుకుని ఎవడైనా ఉద్యోగంలో చేరతాడట్రా?" అన్నారు అత్తగారు. "సోమవారం అంత పెద్ద నాయకుడి పక్కన కూర్చుంటావు."

"ఆ షెడ్డు ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు?" అన్నారు మా వారు. "నిరుద్యోగం అలా కాదురా. ఏ ప్రభుత్వం వచ్చినా ఉంటుంది."

"స్పానర్ పట్టుకుని నాలుగేళ్ళయింది అన్నయ్యా. చేతులు పని మర్చిపోతున్నాయి."

"చేతులకేం పనిలేదా? చప్పట్లు కొట్టట్లేదూ?"

"నేను కొట్టకూడదు. నాకు కొడతారు."

అతను నావైపు తిరిగి, "నువ్వేమంటావు వదినా?" అన్నాడు. నన్నడగడం మా ఇంట్లో ఆనవాయితీ కాదు.

"సోమవారానికి ఏ చొక్కా తియ్యమంటావో చెప్పు" అన్నాను.

అతను చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "మరకలు పడినా ఫర్వాలేనిది ఇవ్వు వదినా" అన్నాడు.

సోమవారం మహాసభ ఘనంగా జరిగింది. అగ్రనాయకుడు ఆవేశంతో కళ్ళు మూసుకుని, ఎడమవైపు చెయ్యి చాచి, "ఈ తమ్ముణ్ణి చూడండి!" అన్నాడు. జనం ఖాళీ కుర్చీని చూసి చప్పట్లు కొట్టారు. ఎప్పటికంటే ఎక్కువే కొట్టారని విన్నాను.

మర్నాడు మా మరిది ఉద్యోగంలో చేరి నిరుద్యోగులకు వెన్నుపోటు పొడిచాడని ప్రతిపక్షం ఖండించింది. తమ లెక్క పది లక్షల ఒకటికి చేరిందని అధికార పార్టీ ప్రకటించింది. షెడ్డు పెద్దాయన తన షెడ్డులో ఉద్యోగం ఎవరిచ్చారో పేపర్ చూసి తెలుసుకున్నాడు. మా మరిది మాత్రం గోళ్ళనిండా గ్రీజుతో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఊరికే నవ్వాడు. ఇప్పుడు నవ్వవచ్చు.

నిరుద్యోగి పోస్టు ఖాళీ అయింది. దరఖాస్తులు పిలిచేసరికి వరస పార్టీ కార్యాలయం దగ్గర మొదలై మా వీధి మలుపు దాటింది. నిజమైన నిరుద్యోగులు అర్జీల మీద నమ్మకం పోయి రాలేదు. వచ్చినవాళ్ళందరూ ఉద్యోగస్తులే, సిఫార్సు ఉత్తరాలతో సహా. వాళ్ళలో మా వారు కూడా ఉన్నారు. అనుభవం అన్నచోట తన ఆఫీసు పేరు రాసి, ఇరవై ఒక్క సంవత్సరాలు అని వేశారు.

చొక్కా సంగతి ఎలా పొక్కిందో గాని, దరఖాస్తుదారులు మా పెరటి గుమ్మం దగ్గర సంచులు పెట్టి పోవడం మొదలుపెట్టారు. అధికార పార్టీ వారు ఉద్యోగం వచ్చినట్టు కనబడేలా గంజిపెట్టి ఇవ్వమని మరో మూట పంపారు. రెండు పార్టీలనూ ఒకే తాడు మీద ఆరవేస్తున్నాను. మీలో కొందరివీ ఉన్నాయి, పేర్లు చెప్పను.

మొన్న ప్రభుత్వం తరఫున ఉపాధి లెక్కలు రాసుకునేవాడు వచ్చాడు.

"ఇంట్లో పనిచేసేవాళ్ళు ఎంతమందండీ?"

"ఇద్దరం. నేనూ, తమ్ముడూ" అన్నారు మా వారు లోపల్నించి.

"మరి మేడం?"

"ఆవిడేం చేస్తుందండీ, ఇంట్లోనే కదా ఉండేది!"

అతను నా పేరు పక్కన ఒక అడ్డగీత గీసి, కాగితం మడిచి, జేబులో పెట్టుకున్నాడు. నేను బకెట్‌లోంచి చేతులు తీసి తుడుచుకుంటూ వచ్చాను. అతను వీధివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నా చొక్కా వెలిసిందా మేడం?"