అంబుజం దండెం మీది లుంగీ

ఆ రోజు పొద్దున ఎండ ముదరకముందే వెళ్లి అంబుజం ఇంటి బొమ్మ పూర్తి చేసేయాలనుకున్నాడు ఆదికేశవన్. పుదుచ్చేరి పాత వీధుల్లో జనం ఎలా బతుకుతున్నారో అలాగే గీస్తాడని అతనికి పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికే కొన్నాళ్లుగా ఇందిరా నగర్ నుంచి స్కూటర్ మీద రంగులు మోసుకొచ్చి, ఆ ఇంటికి ఎదురుగా స్టూలు వేసుకు కూర్చుంటున్నాడు. అరుగు మీద మునగాకు దూసే అంబుజం, బట్టలారేసిన దండెం గీయడం అయిపోయింది. పెచ్చులూడిన నీలం గోడ ఒక్కటే మిగిలింది.

స్కూటర్ ఆపి చూస్తే గోడ గులాబీ రంగులో మెరిసిపోతోంది. అంబుజం పట్టుచీర కట్టుకుని అరుగు మీద బిగుసుకు కూర్చుంది.

"ఏందత్తా ఇది? గోడ యాడ పోయింది?"

"యాడికీ పోలేదు తంబీ. నిన్న పెయింటు కొట్టించినా. పదిమంది చూసే బొమ్మ కదా."

ఆదికేశవన్‌కి ఒళ్లు మండిపోయింది. "ఆ పాత గోడ కోసమే కదత్తా నేనొచ్చింది."

"అంటే, మా ఇంటి పెచ్చులు ఊరందరికీ చూపిస్తావా?"

గొంతులు పెరిగేసరికి పళ్లు తోముకుంటున్న పక్కింటి గుణశేఖర్ నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. వెనకే ఎదురింటి వల్లి. ఇద్దరూ అంబుజం పక్షమే.

"ఉన్నది ఉన్నట్టు గీస్తాను నేను. మీరిట్లా సింగారిస్తే అది బతుకెట్లా అవుతుంది? నా బొమ్మలో ఒక్క గీత కూడా మార్చను," అంటూ ఆదికేశవన్ అంతవరకూ ఎవరికీ చూపించని బొమ్మ మీది గుడ్డ లాగేశాడు.

ముందుగా చూసింది వల్లి. "అత్తా, నీ దండెం మీద ఆ పచ్చ లుంగీ ఎవురిది?"

అంబుజం భర్త పోయి ఏళ్లయింది. ఆ ఇంట్లో మగవాళ్లు లేరు. గుణశేఖర్ నోట్లో బ్రష్షు ఆగిపోయింది. ఆ లుంగీ రోజూ అతని దండెం మీద ఆరడం వీధంతా చూస్తున్నదే. అంచు దగ్గరి చిరుగుతో సహా బొమ్మలో ఉంది.

"ఏమప్పా, నా లుంగీ ఆమె ఇంటికెట్లా పోయింది?"

"అక్కడ కొంచెం పచ్చ కావాల్సొచ్చింది," అని గొణిగాడు ఆదికేశవన్. "చూడ్డానికి బాగుంటుందని."

"బాగుంటుందని నువ్వు లుంగీ మారిస్తే కళ. బాగుంటుందని నేను గోడ మారిస్తే తప్పు," అంది అంబుజం. "మా అల్లుడు చూస్తే ఏమనుకుంటాడు? ఈ వయసులో నాకీ పేరు కావాల్నా?"

ఆదికేశవన్ కోపం ఎటు పోయిందో పోయింది. స్టూలు మీద కూలబడి, బొమ్మలో ఇంకా రంగు ఆరని లుంగీని చాకుతో గీరేశాడు. "తప్పయింది అత్తా," అన్నాడు. అంబుజం కళ్లు తుడుచుకుని, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

గుణశేఖర్ మాత్రం కదల్లేదు. గీరేసిన చోటునే చూస్తున్నాడు.

"అంటే, నా లుంగీ లేకున్నా నీ బొమ్మకేం కాదా?"

"అట్లా కాదన్నా. ఆ పచ్చ భలే కుదిరింది."

"కుదిరితే తీసేస్తివే? మా ఇంటికేం తక్కువ?" అన్నాడు గుణశేఖర్ నురగ తుడుచుకుంటూ. అంబుజం కంటే ఇతని కోపమే చల్లారేలా లేదు.

చివరికి మర్నాడు అతని ఇల్లే గీస్తానని ఆదికేశవన్ ఒప్పుకున్నాడు. ఇంట్లో దేన్నీ ముట్టుకోకూడదని, ఉన్నది ఉన్నట్టే ఉంచాలని ఒట్టు కూడా వేయించుకున్నాడు.

మర్నాడు వెళ్లేసరికి గోడ పాతదే, తలుపు పాతదే. లుంగీని మాత్రం ఇస్త్రీ చేయించి ఆరేశాడు.